పాత అంబాసిడర్‌కు ఎల్‌ఈడీ: వెనక లైట్లకు సరే, హెడ్‌లైట్లకు ఇప్పుడే వద్దు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2, ఇంకా డైనమోతోనే నడుస్తోంది. రాత్రిపూట హెడ్‌లైట్లు ఆముదం దీపాల్లా ఉంటున్నాయి, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంకా మందగిస్తున్నాయి. షాపులో చూపిస్తే "పాత బల్బులన్నీ పీకేసి పూర్తి ఎల్‌ఈడీ కిట్ వేసేద్దాం సార్" అన్నారు. వేయించవచ్చా?

వెనక లైట్లు, ఇండికేటర్లు, నంబర్ ప్లేటు లైటు, మీటర్ల లైట్లు మార్చుకోండి, లాభమే. హెడ్‌లైట్లలో మాత్రం ఎల్‌ఈడీ బల్బు పెట్టకండి. అక్కడ మీ బండి సమస్య బల్బుది కాదు, బల్బు దాకా చేరని వోల్టేజీది. ఆ లోటు సరిచేయకుండా ఏ బల్బు పెట్టినా డబ్బు దండగ.

ముందు ఒక మల్టీమీటర్ తెచ్చుకోండి, మూడు నాలుగు వందలది చాలు. ఇంజను స్టార్ట్ చేసి, ఐడ్లింగ్ కంటే కాస్త ఎక్కువ స్పీడులో పెట్టి, హెడ్‌లైట్లు వేయండి. బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య ఎంత చూపిస్తోందో రాసుకోండి. తర్వాత హెడ్‌లైటు రిమ్ము ఊడదీసి, బల్బు వెనక ఉన్న కనెక్టర్‌ను పీకకుండా, లైటు వెలుగుతుండగానే మీటరు పిన్నులు వెనకనుంచి దూర్చి అక్కడ ఎంత వస్తోందో చూడండి. పీకేసి చూస్తే లోడ్ ఉండదు కాబట్టి నిక్షేపంగా పన్నెండున్నర, పదమూడు చూపిస్తుంది. చాలామంది ఎలక్ట్రీషియన్లు అలా చూసే "కరెంటు బాగానే వస్తోంది" అంటారు. వెలుగుతుండగా చూస్తే అదే చోట పదిన్నరో పదకొండో కనిపించడం ఈ వయసు బండ్లలో మామూలు విషయం.

అరకొర వోల్టేజీతో ఏమవుతుంది అనుకోవద్దు. ఫిలమెంటు బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు ముప్పై శాతం దాకా పడిపోతుంది. పదిహేను శాతం తగ్గితే మిగిలేది సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. అంటే 45 వాట్ల బల్బు పెట్టి చిన్న బల్బు వెలుతురుతో గుంతల రోడ్డు మీద వెళ్తున్నట్టు.

ఎక్కడ పోతోంది ఈ వోల్టేజీ? పాత డిజైన్‌లో హెడ్‌లైట్ల కరెంటంతా డాష్‌బోర్డు మీది లైటు స్విచ్‌లోంచి, అక్కణ్నుంచి కాలి దగ్గరి డిప్పర్ (డిమ్, బ్రైట్ మార్చే) స్విచ్‌లోంచి, తర్వాత వైర్లను కలిపే బులెట్ కనెక్టర్ల గుండా ముందుకు వస్తుంది. యాభై ఏళ్లకు ఆ స్విచ్‌ల లోపలి కాంటాక్టులు నల్లబడతాయి, బులెట్ కనెక్టర్లు పచ్చగా చిలుము పడతాయి. ఇటు ఎర్త్, అంటే బ్యాటరీకి తిరిగి వెళ్లే కరెంటు, కూడా హెడ్‌లైటు గిన్నె, మడ్‌గార్డు, వాటిని పట్టి ఉంచిన బోల్టుల మీదుగా తిరిగి రావాలి. మధ్యలో తుప్పుంటే అక్కడే ఆగుతుంది. ఏ వైపు ఎంత పోతోందో విడిగా తేల్చుకోవచ్చు. మీటరు ఒక పిన్ను బ్యాటరీ లైవ్ టెర్మినల్ మీద, రెండోది బల్బుకు కరెంటు వచ్చే కాలు మీద పెట్టండి. కనిపించేది వచ్చే దారిలో నష్టం. బల్బు ఎర్త్ కాలు నుంచి బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు చూస్తే తిరిగి వెళ్లే దారిలో నష్టం. రెండూ కలిపి అర వోల్టు దాటితే వైరింగ్ పని ఉందని అర్థం.

దానికి మందు రిలే, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్. రెండు రిలేలు, ఒకటి డిమ్‌కు, ఒకటి బ్రైట్‌కు. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం వైరు, బ్యాటరీ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజులు, అక్కణ్నుంచి రిలే 30 నంబరు కాలుకు. 87 నుంచి నేరుగా బల్బుకు. పాత హెడ్‌లైటు వైరు 86కు, 85 ఎర్త్‌కు. ఇకనుంచి మీ పాత స్విచ్, డిప్పర్ రిలే కాయిల్‌ను మాత్రమే నడుపుతాయి, అది ఆంపియరులో ఐదోవంతు కూడా ఉండదు. ప్రతి హెడ్‌లైటుకూ విడిగా నల్ల వైరుతో ఎర్త్ లాగండి, మడ్‌గార్డును నమ్మకండి. ఇంకో మాట: ఈ తరం లూకాస్ (బ్రిటిష్ ఎలక్ట్రికల్ విడిభాగాల కంపెనీ) వైరింగ్ ఉన్న చాలా బండ్లలో ఫ్యూజ్ బాక్సులో రెండే ఫ్యూజులుంటాయి, హెడ్‌లైట్లకు అసలు ఫ్యూజే ఉండదు. షార్ట్ అయితే వైరు కాలడమే. రిలేతో పాటు ఫ్యూజు పెట్టించుకోవడానికి వెలుతురు కంటే పెద్ద కారణం నా దృష్టిలో ఇదే.

ఇంత చేశాక పాత 45/40 వాట్ల బల్బుతోనే తేడా తెలుస్తుంది. ఇంకా కావాలంటే హాలోజన్ వేయండి. మీ రిఫ్లెక్టరు పాత పి45టి (P45t) అనే రకం బల్బు అంచుదైతే ఆ అంచుతోనే 60/55 హాలోజన్ బల్బులు దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ పాత బల్బు చేతిలో పట్టుకుని వెళ్లి పోల్చి తెచ్చుకోండి. ఫొటో చూపిస్తే ఇప్పటి బండ్లలో వాడే హెచ్4 బల్బు అంటగడతారు, దాని అంచు వేరు. 100/90 వాట్ల బల్బు మీద మోజు పడొద్దు. రెండు కలిపి పదహారు ఆంపియర్ల పైమాట, మీ డైనమో తట్టుకోలేదు. రిఫ్లెక్టరు వెండి పూత మసకబారి ఉంటే మాత్రం ఏ బల్బుకైనా అది అడ్డే, కొత్త డూమ్ (అద్దం, రిఫ్లెక్టరు కలిసిన గిన్నె) వేయించాల్సిందే.

మరి హెడ్‌లైటులో ఎల్‌ఈడీ ఎందుకు వద్దంటున్నాను? రిఫ్లెక్టరు వంపును ఫిలమెంటు ఉండే చోటును బట్టి లెక్కగట్టి చేశారు. ఆ ఫిలమెంటు సన్నని తీగ, చుట్టూ అన్ని వైపులా వెలుగుతుంది, డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు మూకుడు ఉండి వెలుతురు పైకి పోకుండా ఆపుతుంది. ఎల్‌ఈడీ బల్బులో వెలిగేది ఒక పలక రెండు ముఖాల మీద అతికించిన చిప్పులు. పలక మందమే చాలు, వెలుతురు ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జరుగుతుంది. డిమ్ వేసినా సగం పైకి చిమ్ముతుంది. డ్రైవరు సీట్లోంచి చూస్తే "అబ్బ, తెల్లగా ఎంత బాగుంది" అనిపిస్తుంది. బండి ముందు పది అడుగుల రోడ్డు తెల్లగా మెరుస్తుంటే కళ్లు దానికే అలవాటు పడి దూరంలో ఉన్న గేదె కనిపించదు. ఎదురొచ్చేవాడి సంగతి సరేసరి. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ నియమం ఎదుటివాడి కంటి లెక్క స్పష్టంగా చెప్పింది: లైటుకు 8 మీటర్ల ముందు, కుడి పక్కన అర మీటరు దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కన్ను చెదరకూడదు. ఎవరైనా ఎల్‌ఈడీ వేసిన బండి ముందు సరిగ్గా ఆ చోట నిలబడి చూడండి, నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు.

ఇంకోటి, వేడి. ఎల్‌ఈడీ వేడి ముందుకు రాదు, వెనక ఉన్న ఫ్యానుకో ఫిన్నులకో పోతుంది. అంబాసిడర్ హెడ్‌లైటు గిన్నె మూసి ఉన్న చిన్న జాగా. ఫ్యాను అక్కడి వేడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. మన ఎండాకాలంలో ఆ బల్బు ఆయుష్షు ఏపాటిదో ఊహించుకోండి. యూరప్‌లో కొన్ని కంపెనీల ఎల్‌ఈడీ బల్బులకు 2020 నుంచి జర్మనీలో అనుమతి వచ్చిన మాట నిజమే. అది కూడా ఫలానా కారు, ఫలానా హెడ్‌లైటు అని పరీక్షించిన జాబితాలో ఉన్నవాటికే. ఆ బల్బు పేరు చెప్పి మన బండికి అమ్మితే నమ్మకండి.

మొత్తం ఏడు అంగుళాల ఎల్‌ఈడీ యూనిట్ మార్చేయడం ఇంకో దారి. అందులో రిఫ్లెక్టరు, చిప్పు ఒకదానికొకటి లెక్కగా చేసినవి కాబట్టి బల్బు మార్చడం కంటే మేలే. కానీ ఆన్‌లైన్‌లో దొరికేవి ఎక్కువ అమెరికా జీపుల కోసం చేసినవి. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, డిమ్ వెలుతురు కుడి అంచున పైకి లేస్తుంది. మన దగ్గర కుడివైపు ఉండేది ఎదురొచ్చే బండే. అద్దం మీద వలయంలో ఇంగ్లిష్ 'E' అక్షరం ఉన్న యూరప్ ముద్ర చూడండి. బండికి ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపుకు బాణం గుర్తు ఉంటే అది మనలా ఎడమవైపు నడిచే దేశాలది. ఆ ముద్ర ఉండి బాణం లేకపోతే వదిలేయండి. పైగా ఆ గీతల్లేని అద్దం, లోపల రెండు కళ్లలాంటి లెన్సులు అంబాసిడర్ ముఖానికి బొత్తిగా నప్పవు. ఇది నా అభిరుచి మాత్రమే, మీ బండి మీ ఇష్టం.

ఇప్పుడు వెనక్కి వద్దాం, అసలు లాభం అక్కడుంది. మీ తరం బండ్లకు వాడిన లూకాస్ సి40 డైనమో బాగా తిరుగుతున్నప్పుడు ఇచ్చేదే 22 ఆంపియర్లు, ఐడ్లింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కి, ఇండికేటర్ వేసి ఆగారనుకోండి. పార్కింగ్, టెయిల్, నంబర్ ప్లేటు, మీటర్ల లైట్లు కలిపి దాదాపు మూడు ఆంపియర్లు, బ్రేకు లైట్లు మూడున్నర, ఇండికేటర్లు వెలిగినప్పుడల్లా మరో మూడున్నర. హెడ్‌లైట్లు, ఇగ్నిషన్ కాకుండానే పది ఆంపియర్లు, అంతా బ్యాటరీ నుంచే. హెడ్‌లైట్లు మందగించేది అందుకే. ఈ చిన్న లైట్లన్నీ ఎల్‌ఈడీ చేస్తే ఆ పది ఆంపియర్లు ఒకటిన్నర లోపుకు దిగుతాయి. అంటే వెనక ఎల్‌ఈడీ వేస్తే ముందు హెడ్‌లైటు బాగుపడుతుంది. దానికి తోడు బ్రేకు లైటు స్విచ్ మీద భారం తగ్గుతుంది. హైడ్రాలిక్ స్విచ్‌లు త్వరగా పోవడానికి లోపలి కాంటాక్టులు కాలడం ఒక ముఖ్య కారణం.

కొనే ముందు ఒకటి తప్పకుండా చూసుకోండి: బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి కలిసి ఉంది? అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 పాజిటివ్ ఎర్త్ బండి, అంటే బ్యాటరీ ప్లస్ టెర్మినల్ బాడీకి కలిసి ఉండేది. మీది ఇప్పుడెలా ఉందో మోడల్ సంవత్సరాన్ని బట్టి చెప్పలేం, ఈ యాభై ఏళ్లలో ఎంతమంది ఎలక్ట్రీషియన్ల చెయ్యి పడిందో! బానెట్ ఎత్తి చూడటమే. పాజిటివ్ ఎర్త్ అయితే మామూలు ఎల్‌ఈడీ బల్బు వెలగదు, ఫిలమెంటుకు లేని పట్టింపు దీనికుంది. పోలారిటీ (ప్లస్, మైనస్) పట్టింపు లేని రకం, లేదా పాజిటివ్ ఎర్త్ కోసమే చేసినది అడిగి కొనాలి. పాజిటివ్ ఎర్త్‌ను నెగటివ్‌కు మార్చడం కూడా పెద్ద పని కాదు గానీ, డైనమో ఫీల్డుకు మళ్లీ పోలరైజ్ చేయడం తెలిసినవాళ్లతోనే చేయించండి.

బల్బు రంగు దగ్గర చాలామంది తప్పు చేస్తారు. ఎర్ర గ్లాసు వెనక తెల్ల ఎల్‌ఈడీ పెట్టొద్దు. తెల్ల ఎల్‌ఈడీ అంటే నిజానికి నీలం చిప్పు మీద పసుపు పూత, అందులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర గ్లాసు ఎక్కువగా ఎరుపునే వదులుతుంది కాబట్టి బయటికి వచ్చేది మసకగా, వెలిసినట్టు ఉంటుంది. ఎర్ర గ్లాసుకు ఎర్ర ఎల్‌ఈడీ, పసుపు ఇండికేటర్‌కు అంబర్ ఎల్‌ఈడీ. నంబర్ ప్లేటుకు, మీటర్లకు పసుపు ఛాయ ఉన్న వార్మ్ వైట్. పాత మీటర్ల ముఖాన చల్లటి నీలి తెలుపు పడితే మొబైల్ షాపులా ఉంటుంది. మీటర్ల వెలుతురు తగ్గించే రియోస్టాట్ మీ బండిలో ఉంటే అది ఎల్‌ఈడీల మీద సరిగా పనిచేయదని కూడా గుర్తుంచుకోండి.

చిప్పులు ఒక్క కొసన మాత్రమే ఉన్న బల్బు కొనకండి. పాత టెయిల్ లైట్లలో బల్బు పక్కలకు చిమ్మిన వెలుతురును రిఫ్లెక్టరు వెనక్కి తిప్పి పంపుతుంది. చుట్టూ చిప్పులున్న బల్బు కావాలి. బ్రేకు, టెయిల్ రెండూ ఒకే బల్బులో ఉంటే డబుల్ కాంటాక్ట్ రకం. అసలు బల్బులో బ్రేకు ఫిలమెంటు 21 వాట్లు, టెయిల్ 5 వాట్లు. చవక ఎల్‌ఈడీల్లో ఈ తేడా సరిగా ఉండదు, టెయిల్ ఒకటే బాగా వెలిగి బ్రేకు తొక్కినా వెనకవాడికి తేడా తెలియదు. కాబట్టి రెండు వైపులా ఒకేసారి మార్చకండి. ముందు ఒక వైపు ఎల్‌ఈడీ పెట్టి, రెండో వైపు పాత బల్బు ఉంచి, మధ్యాహ్నం ఎండలో ఇంట్లో ఎవరినైనా బ్రేకు తొక్కమని ఇరవై అడుగుల వెనక నిలబడి చూడండి. ఎల్‌ఈడీ వైపు పాత బల్బు కంటే తక్కువగా కనిపిస్తే ఆ బల్బు తిరిగి ఇచ్చేయండి. రాత్రి గ్యారేజీలో చూస్తే అన్నీ బ్రహ్మాండంగానే కనిపిస్తాయి.

హోల్డర్లు ముందు శుభ్రం చేయాలి. లోపల తుప్పును సన్న గరుకు కాగితంతో తీసి, కాస్త వ్యాసలైన్ రాసి, ఎర్త్ వైరు విడిగా లాగండి. ఎర్త్ సరిగా లేని ఎల్‌ఈడీ దెయ్యం పట్టినట్టు ప్రవర్తిస్తుంది: బ్రేకు తొక్కితే ఇండికేటర్ మినుకుమంటుంది, ఇండికేటర్ వేస్తే టెయిల్ కొట్టుకుంటుంది.

ఇండికేటర్లకు వస్తే, వాటిని కొట్టుకునేలా చేసే మీ ఫ్లాషర్ రేకు వేడెక్కి తెగి కలిసే రకం. బల్బులు లాగే మూడున్నర ఆంపియర్లతోనే అది వేడెక్కుతుంది. ఎల్‌ఈడీ పెడితే వేడెక్కక లైటు అలా వెలిగే ఉంటుంది, కొట్టుకోదు. దీనికి షాపులో లోడ్ రెసిస్టర్ పెడతామంటారు, ఒప్పుకోవద్దు. 6 ఓమ్‌ల రెసిస్టర్ 14 వోల్టుల దగ్గర 33 వాట్ల వేడి పుట్టిస్తుంది, దాన్ని డిక్కీలో కార్పెట్ పక్కన తగిలిస్తారు. ఆదా చేసిన కరెంటంతా దానికే పోతుంది. ఎల్‌ఈడీ కోసం చేసిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి, మూడు కాళ్లుంటాయి, మూడోది ఎర్త్. పాజిటివ్ ఎర్త్ బండికి ఇది కూడా సరిపోయేది చూసి కొనాలి.

ఫ్లాషర్ మార్చాక ఒక వింత చూసే అవకాశం ఉంది: ఎడమ ఇండికేటర్ వేస్తే నాలుగూ కొట్టుకుంటాయి. బల్బు పాడైందనుకుని షాపుకు పరిగెత్తకండి. డాష్‌బోర్డు మీద రెండు వైపులకూ కలిపి ఒకే పైలట్ లైటు (ఇండికేటర్ వేసినట్టు డ్రైవరుకు చూపేది) ఉండి, దాన్ని ఎడమ వైరుకూ కుడి వైరుకూ మధ్య కలిపి ఉంటే ఇలా అవుతుంది. ఎడమ వేసినప్పుడు పైలట్ బల్బులోంచి వచ్చిన కొద్ది కరెంటు కుడి వైపు బల్బుల గుండా ఎర్త్‌కు పోతుంది. 21 వాట్ల ఫిలమెంటుకు ఆ కాస్త కరెంటు లెక్కే కాదు, ఎల్‌ఈడీకి మాత్రం వెలగడానికి అదే ఎక్కువ. 1ఎన్4007 డయోడ్లు రెండు తెచ్చి, ఒకటి ఎడమ వైరుకు, ఒకటి కుడి వైరుకు కలిపి, తెల్ల గీత ఉన్న కొసలు రెండూ ఒకచోట చేర్చి పైలట్ బల్బు ఒక కాలుకు ఇవ్వండి. రెండో కాలు ఎర్త్. పాజిటివ్ ఎర్త్ అయితే డయోడ్లు తిరగేయాలి. డయోడ్లకయ్యే ఖర్చు పది రూపాయలు కూడా ఉండదు. లూకాస్ ఫ్లాషర్‌లో పైలట్‌కు విడిగా పి అనే కాలు ఉండేది. కొత్త ఫ్లాషర్‌లో అది లేకపోతే కూడా పైలట్‌ను ఈ డయోడ్లతోనే వెలిగించుకోవాలి.

మార్చకూడనిది ఇంకొకటుంది, ఛార్జింగ్ ఎర్ర లైటు. మీకు డైనమో కాబట్టి అది లేకపోయినా ఛార్జింగ్ ఆగదు గానీ, రేపెప్పుడైనా ఆల్టర్నేటర్ వేయిస్తే ఆ బల్బులోంచి పోయే కరెంటే ఆల్టర్నేటర్‌ను మేల్కొలుపుతుంది. అక్కడ ఎల్‌ఈడీ ఉంటే ఛార్జింగ్ మొదలు కాకపోవచ్చు. ఎలాగూ ఆ లైటు వెలిగేది కాసేపే, పాత 2.2 వాట్ల బల్బునే ఉండనివ్వండి. ఎల్‌ఈడీల మీద ఎన్ని వోల్టులని రాసుందో కూడా చూడండి, 9 నుంచి 30 దాకా తట్టుకునేవి తీసుకోండి. డైనమో వోల్టేజీని అదుపు చేసే కటౌట్ రెగ్యులేటర్ కాంటాక్టులు తెగి కలిసినప్పుడు వచ్చే కుదుపులకు చవక బల్బులు నెలల్లో పోతాయి. బండిలో పాత రేడియో ఉండి మీడియం వేవ్ వింటారనుకోండి, నాసిరకం ఎల్‌ఈడీ డ్రైవర్ల గరగర అందులో వినిపిస్తుంది. మంచి రకం కొనడానికి అదొక కారణం.

చివరగా రిజిస్ట్రేషన్. 2021లో వచ్చిన సవరణ ప్రకారం యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు, కొత్తగా నమోదయ్యేవాటికే వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పదేళ్లకు చెల్లుతుంది. అయితే వింటేజ్ రిజిస్ట్రేషన్‌తో రోజూ రోడ్డెక్కడం కుదరదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేర్లకు మాత్రమే. మీ బండి వయసు సరిపోతుంది కాబట్టి ఆ ఆలోచన ఉంటే ఏ పనైనా వెనక్కి తీసేలా చేయించండి: అసలు హార్నెస్ (బండి వైర్ల కట్ట) కత్తిరించకుండా రిలే వైరింగ్ పక్కన విడిగా వేయాలి, పాత ఫ్లాషర్, పాత బల్బులు డబ్బాలో పేర్లు రాసి దాచాలి. పని మొదలుపెట్టే ముందు మీటరు రీడింగులు తీసి, బ్యాటరీ ఎర్త్ ఏ వైపుందో చూసి రాయండి. ఏ బల్బులు, ఏ ఫ్లాషర్ కొనాలో దాన్నిబట్టి చెబుతాను.